గురువారం రాత్రి విమానం

హైదరాబాదు నుంచి ఆక్లండ్‌కు ఆకాశంలో పదకొండు వేల ఏడు వందల చిల్లర కిలోమీటర్లు. విమానం నేరుగా పోతే పద్నాలుగు గంటల పైమాట. ఇప్పటికీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. విమానాశ్రయాల మధ్య దూరాలు చెప్పే వెబ్‌సైటు ఒకటి ఉంది. ఇక్కడి పేరు ఒక గడిలో, అక్కడి పేరు ఒక గడిలో కొడితే, భూగోళం మీద ఎర్రగా ఒక వంకర గీత గీసి, ఇంత దూరం, ఇంత సేపు అని చూపిస్తుంది. హైదరాబాదు నుంచి ఆ ఊరికి నేరుగా పోయే విమానమే లేదన్న సంగతి మాత్రం చెప్పదు. లేని విమానం ఎంతసేపట్లో పోతుందో నిమిషాలతో సహా చెప్పడమంటే ఎంత ధైర్యమో చూడండి. ఆ నెలంతా నేను దాన్నే నమ్ముకుని కూర్చున్నాను.

నేను నంద్యాలలో ఒక బడిలో ఇంగ్లీషు చెప్తాను. పుట్టిల్లు ఆళ్లగడ్డ. నాయన శిల్పి. మా ఊళ్లో రోడ్డు పక్కన వరుసగా రాతి పని కొట్టాలు ఉంటాయి, వాటిలో ఒకటి మాది. పొద్దున లేచింది మొదలు ఉలి చప్పుడే. నేను పెళ్లయి నంద్యాలకు వచ్చిన కొత్తలో ఆ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదంటే మా ఆయన నవ్వేవాడు. ఆయనకేం తెలుసు, బ్యాంకు ఉద్యోగస్థుల ఇంట పుట్టినవాడు.

మా నాయనకు ఒక పద్ధతి ఉంది. విగ్రహం మొత్తం కొట్టంలోనే పూర్తి చేస్తాడు, కండ్లలో నల్లగుడ్లు తప్ప. రెప్పలుంటాయి, కనుబొమలుంటాయి, కంటి చుట్టూ గీత ఉంటుంది. నల్లగుడ్డు ఉండవలసిన చోట మాత్రం రాయి నున్నగా, ఖాళీగా ఉంటుంది. విగ్రహం ఏ ఊరికి పోతే ఆ ఊరికి నాయన కూడా పోయి, ప్రతిష్ఠ ముహూర్తానికి సరిగ్గా ఉలి పెట్టి ఆ కండ్లు తెరిపించి వస్తాడు. ఆ తరువాత అయ్యగారు బంగారు సూది తాకించి, మంత్రం చదివి ప్రాణం పోస్తారు. అంతే, ఇక ఆ క్షణం నుంచి చెక్కినవాడైనా సరే ఆ విగ్రహాన్ని ముట్టుకోకూడదు. సంజామల దిక్కున ఒక పల్లెకు ఆంజనేయుణ్ని పంపినప్పుడు లారీలో విగ్రహం పక్కనే గోతాం పరుచుకుని పోయాడు. గోస్పాడు చుట్టుపక్కల ఊళ్లకైతే స్కూటరు మీదే.

సముద్రం దాటే విగ్రహాలకు మాత్రం ఆ పద్ధతి సాగలేదు. చెక్కపెట్టెకు మేకులు కొట్టే ముందే కొట్టంలో కండ్లు దిద్ది పంపవలసి వచ్చేది. అట్లా పంపిన రోజు నాయన సరిగా అన్నం తినడు. "పెట్టెలో, చీకట్లో, కండ్లు తెర్సుకోని నెలల కొద్దీ ఎట్లుంటాదిమే ఆయమ్మ?" అని నన్నే అడిగాడొకసారి.

ఇక మా తమ్ముడు. పదో తరగతి తప్పిన మరుసటి రోజే కొట్టంలో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు దాటింది. చేతులు, పాదాలు, నగలు, కిరీటం, పట్టుచీర కుచ్చెళ్లు, అన్నీ వాడే. నాయన పేరుతో పోయే విగ్రహాల్లో సగానికి పైగా వాడి చెయ్యే. కండ్లు మాత్రం ఒక్కటంటే ఒక్కటి దిద్దలేదు. నాయన దిద్దనివ్వలేదు. అడిగితే "చెయ్యి ఇంగా కుదర్లేదు" అనేవాడు. దిద్దేటప్పుడు చూడనిచ్చేవాడు కూడా కాదు. విగ్రహానికీ నాయనకూ మధ్య ఎవరూ ఉండకూడదంటాడు, వెనక నిలబడితే వీపు తప్ప ఏం కనపడుతుంది? వాడు పనికిరాని రాతి ముక్కల మీద సొంతంగా కండ్లు చెక్కుకుంటూ ఉండేవాడు. కొట్టం వెనక తుమ్మచెట్టు కింద ఆ ముక్కలు కుప్ప పోసి ఉంటాయి. ఒకరోజు నాయన వాటిలో ఒకటి చేతికి తీసుకుని, తిప్పి చూసి, "ఇది కన్ను కాదురా, గోలీ. పిల్లోల్లకియ్, ఆడుకుంటారు" అన్నాడు. తమ్ముడు కూడా నవ్వాడు. వాడట్లా నవ్వినప్పుడల్లా నాకు నాయన మీద మండుకొచ్చేది. చెప్తే పోలా ఎట్లా చెక్కాలో? మా ఇంట్లో చెప్పడమనేది లేదు. చూసి నేర్చుకోవాలి. చూడనివ్వకపోతే ఎట్లా నేర్చుకోవాలో మాత్రం ఎవరూ అడగకూడదు.

ఆక్లండ్‌లో మనవాళ్లు కట్టుకుంటున్న గుడికి అమ్మవారి విగ్రహం కావాలని కబురొచ్చేనాటికి నాయనకు డెబ్బై దాటాయి. కుడిచెయ్యి అప్పుడప్పుడు వణకడం మొదలయింది. టీ గ్లాసు పట్టుకుంటే తెలుస్తుంది. ఉలి పట్టుకుంటే మాత్రం ఇంకా తెలియదు. "ఇదే నా కడా విగ్రహం" అని ముందే చెప్పేశాడు. దాంతోపాటు గుడి కమిటీ వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాడు: ఈ అమ్మకు కండ్లు తానే వచ్చి దిద్దుతాడు, సరే అంటేనే రాయి ముట్టుకుంటాడు. వాళ్లు మంచివాళ్లు. రెండు టిక్కెట్లు మేమే పంపుతామన్నారు, తోడు ఒకరిని తెచ్చుకోమన్నారు.

ఆ తోడు తానేనని తమ్ముడు అనుకున్నాడు. పైకి అనలేదు గానీ పాస్‌పోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు. వాడి ఆశ ఏమిటో నాకు తెలుసు. కడపటి విగ్రహం, నాయన చెయ్యి వణుకుతోంది, ఊరు కాని ఊరు. అంత దూరం పోయాక ఒక కన్ను తాను దిద్ది, రెండోది నువ్వు దిద్దరా అనకపోతాడా? కనీసం పక్కన నిలబడి చూడనివ్వడా? నాయన మాత్రం అన్నం తింటూ తింటూ తేల్చేశాడు. "పాప వస్తాదిలే. దానికి ఇంగ్లీషొచ్చు. నువ్వు ఈడ పని చూసుకో." తమ్ముడు "సరే నాయనా" అన్నాడు. నాకు విమానం ఎక్కబోతున్నానన్న సంబరం ఒకవైపు, వాడి ముఖం ఒకవైపు. సంబరమే గెలిచిందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

విగ్రహం ఓడలో ముందే వెళ్లిపోయింది. మా వీసాలు కడదాకా నాన్చి ఇచ్చారు. అందుకే కమిటీవాళ్లు ముహూర్తానికి ముందు రాత్రి దిగేట్టుగా టిక్కెట్లు తీయవలసి వచ్చింది. ఇక అక్కడి నుంచి నా లెక్కలు మొదలయ్యాయి. ఇక్కడి నుంచి సింగపూర్‌కు ఎంత, అక్కడ ఎంతసేపు ఆగాలి, అక్కడి నుంచి ఆక్లండ్‌కు ఎంత, వాళ్ల గడియారం మనకంటే ఎంత ముందు. వెబ్‌సైటు చెప్పిన పద్నాలుగు గంటలకూ టిక్కెట్టులో ఉన్నదానికీ తేడా ఎందుకొచ్చిందో నాయనకు నల్లబల్ల మీద చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విని, "అయితే మనం ఆడ దిగేతలికి నిద్ర ల్యాకుండా చెయ్యి వణుకుతాది" అన్నాడు. ఆయన లెక్క ఆయనది. దిగిన రాత్రి పడుకుంటే పొద్దునకు సర్దుకుంటుందిలే అన్నాను.

టిక్కెట్టు తమ్ముడి ఫోనుకు వచ్చింది. గురువారం, పన్నెండు గంటల యాభై నిమిషాలకు విమానం. రాత్రి పన్నెండున్నర దాటాక. అంటే గురువారం రాత్రి. నాయన పంచాంగం తీసి, గురువారం రాహుకాలం ఎప్పుడో చూసి, ఏ వేళకు గడప దాటాలో నిర్ణయించాడు. అయ్యగారిని కూడా అడిగాడు. ఆయన కూడా గురువారమే మంచిది, పొద్దున ఎనిమిది లోపల ఇల్లు కదలండి అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం తెలియలేదు. మా ఇంట్లో రోజు పుట్టేది సూర్యుడితో. తెల్లవారితేగానీ వారం మారదు. నేను పుట్టింది తెల్లవారుజామున మూడింటికి. ఆసుపత్రి కాగితం శుక్రవారం అంటుంది, నాయన గురువారం అంటాడు. చిన్నప్పుడు ఆ విషయం మీద ఏడ్చి గోల చేసినా ఆయన ఒప్పుకోలేదు. "కోడి కుయ్యకముందే శుక్రవారం యాడిది?" అనేవాడు. అట్లాంటి ఇంట్లో గురువారం రాత్రి పన్నెండు యాభై అంటే గురువారం పగలంతా గడిచాక వచ్చే రాత్రే. విమానాల వాళ్లకు రోజు నడిరేయి పుడుతుందని, వాళ్ల గురువారం పన్నెండు యాభై అంటే మా బుధవారం రాత్రి అని ఎవరికి తడుతుంది? నాకు తట్టాలి. బడిలో పిల్లలకు టైమ్‌టేబుల్ రాసే మనిషిని. కానీ నేను దూరాల్లో, గంటల్లో మునిగి ఉన్నాను, వారం వైపు కన్నెత్తి చూడలేదు. విమానాలవాళ్లు తమ్ముడి ఫోనుకు ఏవో గుర్తుచేసే మెసేజీలు పంపారట. పెండ్లి పిలుపుల మాదిరి వీళ్లూ ముందు నుంచే మొదలుపెడతారు కాబోలు అనుకున్నాడట వాడు.

బుధవారం రాత్రి మేం ఎక్కవలసిన విమానం ఎగిరిపోతుంటే మేమంతా హాయిగా నిద్రపోయాం.

గురువారం పొద్దున నాయన, తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి కారులో నంద్యాలకు, మా ఇంటికి వచ్చారు. విమానాశ్రయం దాకా దిగబెట్టి రావడానికి తమ్ముడు. కారు నంద్యాలలో మా వీధి సాయిబుది, ఆయనే నడుపుతాడు, తెల్లవారుజామునే ఆళ్లగడ్డకు పంపాను. మా ఇంట్లో భోజనాలు చేసి, రాహుకాలం దాటాక బయలుదేరాం. నాయన కొత్త పంచె కట్టుకున్నాడు. ఉలులు గుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను, చేతిసంచిలో ఉంటే రానివ్వరని నాకు తెలుసు. ఇట్లాంటివన్నీ తెలుసు నాకు.

కర్నూలు ఇంకా పది నిమిషాలుందనగా తమ్ముడి ఫోను మోగింది. కమిటీ పెద్దాయన. కోస్తా మనిషి, మాట మెత్తన. స్పీకరులో పెట్టాడు వాడు.

"ఎక్కడున్నారండీ? మేం అరగంట నుంచి బయటే నిలబడ్డాం. లగేజీ రాలేదా ఇంకా?"

"ఇదో సార్, కర్నూలు కాడికొచ్చినాం" అన్నాడు తమ్ముడు.

ఫోను కట్టయిందేమోనని వాడు తీసి చూసుకున్నాడు. తరువాత ఆయన మెల్లగా అడిగాడు: "కర్నూలేమిటండీ? మీ విమానం దిగిపోయిందిగా."

సాయిబు కారు పక్కకు తీసి ఆపాడు. తమ్ముడు ఫోనులో టిక్కెట్టు తెరిచి, చదివి, మళ్లీ చదివి నా చేతికిచ్చాడు. నేను చదివాను. అక్షరాలు ఎక్కడికీ పోలేదు, మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. సాయిబు మెడ చాచి చూసి, "ఇది నిన్న రాత్రిది గదక్కా" అన్నాడు. "మమ్మల్ని అడిగింటే చెప్తాంటిమి. మాకు పొద్దు గూకితేనే రోజు మారిపోతాది. బుధవారం మగ్రిబ్ నమాజు అయితే ఇంగ అది గురువారమే." ఆ మాట ఆయన ఎగతాళికి అనలేదు. అయినా నాకు ఒళ్లు మండి, నోరు మూసుకోమన్నట్టు చూశాను. పాపం, నంద్యాలలో ఇన్నేళ్లుగా పక్క పక్కనే ఉంటాం, ఒక రాత్రిని ఆయన రాబోయే పగటికి కలుపుకుంటాడని, మేం గడిచిన పగటికి కలుపుకుంటామని ఆ రోజే తెలిసింది.

నాయన వెనక సీటులో ఉన్నాడు. ఆయనకు విషయం అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్కటే అడిగాడు. "ఇప్పుడు పొయినా ముహూర్తానికి అందుకోలేమా?"

గంటలు నాకు నోటికి వచ్చు. వెంటనే చెప్పగలిగాను. ఆ రాత్రి విమానం దొరికినా ముహూర్తం వేళకు మేం సముద్రం మీద ఉంటాం.

కమిటీవాళ్లు ముహూర్తం మార్చలేమన్నారు. అది దాటితే మూఢం, మళ్లీ కొన్ని నెలల దాకా మంచిరోజు లేదు, వందలమంది వస్తున్నారు. కండ్లు లేకుండా ప్రతిష్ఠ చేయడం కుదరదు. పెద్దాయన చాలా బాధపడుతూనే ఒక దారి చెప్పాడు. అక్కడ ప్రొద్దుటూరు కుర్రాడొకడు ఉన్నాడట, బంగారు పనివాళ్ల ఇంటివాడు, నగల మీద చెక్కుడు పని చేస్తాడు, చెయ్యి మంచిదంటారు. గురువుగారు ఎట్లా దిద్దాలో చెప్తే, గురువుగారి పేరు తలుచుకుని వాడు దిద్దుతాడు. లేదంటే ఇంకేం చేయమంటారో మీరే చెప్పండి.

నాయన కారు దిగాడు. రోడ్డు పక్కన కంకర మీద అటూ ఇటూ నడిచాడు. లారీలు పోతున్నాయి. నేను దిగి పక్కన నిలబడ్డాను. వెనక్కి పోదాం నాయనా అన్నాను చివరికి. ఆయన నా మాట విననట్టే తమ్ముణ్ని పిలిచి, "ఆ పిల్లోనికి చెయ్" అన్నాడు.

ఆ కుర్రాడు లైన్లోకి వచ్చాడు. తమ్ముడు ఫోను నాయన నోటి దగ్గర పెట్టి పట్టుకున్నాడు, ఎందుకంటే నాయనకు రెండు చేతులూ కావాలి. అవతలివాడికి కనపడదని తెలిసినా ఆయన చేతులతో చూపకుండా చెప్పలేడు. ఎడమచేతిలో లేని ఉలి, కుడిచేతిలో లేని సుత్తి.

"ముక్కు దిక్కు నుంచి మొదలుపెట్టప్పా. బయట నుంచి లోపలికి రావద్దు, పెచ్చు లేస్తాది. గీసుకున్న గీత మింద కొట్టద్దు, గీతకు లోపలగా కొట్టు. ఊపిరి బిగబట్టద్దు. వదుల్తా కొట్టు."

"సరే తాతా."

"ఒక కన్ను అయినాంక చెయ్యి దించద్దు. నీళ్లు తాగద్దు. అట్లే రెండోదానికి పో. దించితే చెయ్యి మారిపోతాది."

"సరే."

నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, నాయన అక్కడితో చాలు అనుకుని ఉంటే బాగుండేదని. కానీ ఆయన ఇంకో మాట చెప్పాడు.

"ఎడమ కన్ను నూగుగింజంత లోతెక్కువ పోనీ. దీపం కుడి పక్క పెడతారు గదా ఆయమ్మకు. రెండూ సమానంగా చెక్కితే ఎడమది చచ్చినట్లుంటాది. నూగుగింజంతే. అప్పుడే ఆయమ్మ మనల్ని చూస్తాది."

తమ్ముడు తల ఎత్తాడు. అంతవరకూ నాయన చేతుల వైపు చూస్తున్నవాడు, నాయన ముఖంలోకి చూశాడు. ఇరవై ఏళ్లుగా తుమ్మచెట్టు కింద కుప్ప పోసినవన్నీ ఎందుకు గోలీలయ్యాయో వాడికి అప్పుడు తెలిసింది. ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం కదపలేదు. నాయన వాణ్ని చూడలేదు. ఆయన ధ్యాసంతా అవతలివాడి మీదే ఉంది. "ఏందీ, మళ్లా చెప్పాల్నా?" అని అడిగి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. ఎంత ఓపిగ్గా చెప్పాడో! ఆ ఓపిక ఆయన దగ్గర ఉందని మా ఇద్దరికీ తెలియనే తెలియదు.

ఆ రాత్రికే వేరే విమానంలో రెండు సీట్లు దొరికాయి. పోవద్దని నేను, పోదామని నాయన. "దిద్దకపొయినా చూసొస్తాం గదా" అన్నాడు. ఇన్నాళ్లూ నిద్రపోయిన నోరు అప్పుడైనా లేచి, నాయనా నాకు బదులు వీణ్ని తీసుకుపో అనలేదు నేను. వాడికి వీసా లేదు గదా, అనీ లాభం లేదు. అయినా ఆ మాట అనవలసింది. లాభం కోసం అనే మాట కాదది.

విమానం ఎక్కాక నాయన కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు వెనకున్న తెరలో చిన్న విమానం బొమ్మ కదలడమే చూస్తూ పోయాడు. కింద సముద్రమట. ముహూర్తం వేళయిందని నేను చెప్పలేదు, ఆయనే అడిగాడు. అవును నాయనా, ఇప్పుడే అన్నాను. ఆయన చేతులు జోడించి కండ్లు మూసుకున్నాడు. వేళ్లు మాత్రం కాస్త కదిలాయి. నేను తల తిప్పుకున్నాను.

మరునాడు పొద్దున గుడికి పోయాం. నాయనకు శాలువా కప్పారు, పళ్లూ కొబ్బరికాయా ఇచ్చారు, ఫోటోలు తీశారు. ఆయన అవన్నీ నా చేతికిచ్చేసి నేరుగా గర్భగుడి వైపు నడిచాడు. ఏడాదిన్నర ఆ రాయి పక్కన కూర్చున్న మనిషి గదా, ఇంట్లో గదిలోకి పోయినట్టు గడప మీద కాలు పెట్టబోయాడు. లోపల ఉన్న చిన్న వయసు అయ్యగారు గబగబా వచ్చి, "అక్కడే ఉండండి తాతగారూ, లోపలికి రాకూడదు" అన్నాడు. తప్పేం లేదు, ఆయనది ధర్మమే. నాయన కాలు వెనక్కి తీసుకుని, జనంలో నిలబడ్డాడు.

అమ్మవారి కండ్లు బాగా వచ్చాయి. అబద్ధం ఎందుకు, నేను బాగా రాకూడదనే కోరుకుంటూ పోయాను. ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే, ఒక కన్ను కాస్త వంకర పోయి ఉంటే, ఇది దూరం నుంచి ఫోనులో చెప్తే వచ్చే విద్య కాదని మా తమ్ముడికి చెప్పుకోవడానికి నాకొక మాట మిగిలేది. అట్లాంటిదేం లేదు. హారతి కుడివైపు నుంచి ఎత్తితే రెండు కండ్లూ ఒక్కసారే వెలిగాయి. ప్రొద్దుటూరు కుర్రాడు వచ్చి నాయన కాళ్లకు మొక్కాడు. "ఎట్లొచ్చిందో మీరే చెప్పాల తాతా" అన్నాడు. నాయన వాడి కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు చూసి, "బాగొచ్చినాయప్పా. చెయ్యి కుదిరింది నీకు" అన్నాడు. ఆ మాట మా కొట్టంలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఆళ్లగడ్డకు వచ్చిన సాయంత్రం తమ్ముడు కాళ్లకు నీళ్లిచ్చి, నాయన కూర్చున్నాక అడిగాడు, "కండ్లు ఎట్లున్నాయి నాయనా?" అని. "బాగున్నాయిరా. ఆ పిల్లోడు పనోడు" అన్నాడు నాయన. వాడు "ఊ" అని కొట్టంలోకి వెళ్లిపోయాడు. నేను నంద్యాల బస్సెక్కేదాకా మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తరువాత నాయన చెయ్యి ఉలి పట్టుకున్నా వణకడం మొదలుపెట్టింది. మహానంది దారిలో ఒక పల్లెవాళ్లు చిన్న అమ్మవారిని చెక్కించుకున్నారు. విగ్రహం మొత్తం తమ్ముడిదే. ముహూర్తానికి ముందు రోజు నేను కూడా ఊళ్లో ఉన్నాను. నాయన మంచం మీద నుంచి వాణ్ని పిలిచాడు. గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా వాడు ఎదురుచూసిన మాట అదేనని నాకు తెలిసిపోయింది.

"రేపు నువ్వే పోరా. కండ్లు నువ్వే దిద్దు."

తమ్ముడు చేతికంటిన రాతిపొడి తుడుచుకున్నాడు.

"నాకు రాదు నాయనా" అన్నాడు.

"ఏందిరా రాదు? ఆ పొద్దు కర్నూలు కాడ అంతా చెప్తి గదా. పక్కనే ఉంటివి. వినలేదా?"

"వింటి" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం కూడా లేదు. "అది నాకు చెప్పింది కాదు గదా నాయనా."

నాయన నా వైపు చూశాడు, నేనేదో ఒకటి అంటానని. ఆ విగ్రహానికి పక్క కొట్టం ఆయన్ను బతిమాలి కండ్లు దిద్దించుకున్నారు ఆ పల్లెవాళ్లు.